అత్త కారులో స్టెప్నీ మీటరు

ఆ రోజుల్లో మోటారు తోలడం చెవితో నేర్చుకునే విద్య. ఇప్పటి పిల్లలు అద్దాలు బిగించుకుని, చల్లగాలి వేసుకుని, పాటలు వింటూ తోలుతున్నారు. మాకు బండే పాట. ఇంజను మూలిగితే గేరు దించాలి, అరిస్తే గేరు పెంచాలి, మూలుగూ అరుపూ రెండూ లేకపోతే దిగి తొయ్యాలి. ఈ మూడు సూత్రాలూ నేను బెంగుళూరులో మిలిటరీ వర్కుషాపులో నేర్చుకున్నాను. యుద్ధం అయిపోయి, వాళ్ళు మమ్మల్ని ఇళ్ళకి పంపేశాక మదనపల్లెకి తిరిగొచ్చి నేను చెప్పుకున్న కథలు మాత్రం వేరు. ట్యాంకులు విప్పి బిగించానన్నాను. విమానం ఇంజను దగ్గర చెవి పెట్టి జబ్బేమిటో చెప్పేవాణ్ణన్నాను. (నిజానికి నా ఉద్యోగం లారీలు కడగడం, కడిగినవాటిని వరుసలో నిలబెట్టడం. ట్యాంకుని ఒక్కసారే చూశాను, అదీ రైలు మీద పోతుంటే.) కోతలు కోసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు కొడవలి చేతికిస్తారని నాకప్పటికి తెలియదు.

ఆ కొడవలి చేతికిచ్చింది మా మేనత్త. మా నాయనకి అక్క. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆమె మోటారత్తే. క్రైస్తవ మిషను నడిపే ఆడపిల్లల బళ్ళకి ఇన్‌స్పెక్టరమ్మ. ఇటు పెద్దమండ్యం నుంచి అటు గుడుపల్లె దాకా, నలుగురు ఆడపిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్న చోటికల్లా ఆమె కారు వెళ్ళేది. కోలారు బంగారు గనుల్లో పనిచేసే దొర ఒకాయన సీమకి వెళ్ళిపోతూ వదిలించుకున్న బండి అది. ముందు రెండే సీట్లు, వాటిపైన మడిచే గుడ్డ కప్పు, వెనక మూత ఎత్తితే ఆరుబయట డిక్కీ సీటు. తెల్లచీర కొంగు భుజాన పిన్నీసుతో బిగించి, నల్ల గొడుగు పక్కన పెట్టుకుని ఆమె తోలుకుంటూ పోతుంటే, సంతకి పోయే జనం మూటలు దించి మరీ చూసేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. క్లాసులో చివరి బెంచీకి వినిపించేటట్టు మాట్లాడడం అలవాటు, ఇంట్లో ఉప్పు అడిగినా అదే గొంతు. మొండిమనిషి అని పేరు. మా నాయన ఆమెతో ఏదైనా వాదించబోతే, ఆమె మొహం అటు తిప్పుకుని కుట్టుపని చేసుకునేది. ఇక ఆ వాదన గోడతోనే.

యుద్ధం చివర్లో పెట్రోలు దొరక్క ఆ కారు గడ్డివాము పక్కన పడి ఉండి, కోళ్ళకి కాపురమైంది. తీరా బయటికి తీసేసరికి ఇంజను బిగుసుకుపోయి ఉంది. బస్సులు ఆగేచోట షెడ్డు పెట్టుకున్న స్పానరప్ప అనే మేస్త్రీ, మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన సామాన్లలోంచి ఒక చిన్న లారీ ఇంజను సంపాదించి దాన్ని ఇందులో బిగించాడు. (స్పానరప్పది కుప్పం పక్క. పెదవులు రెండూ కప్పేసే మీసం. మంగళవారం బోల్టు ముట్టడు.) లారీ ఇంజను పొడుగు ఎక్కువై బానెట్టు మూత సరిగ్గా పడలేదు, దాన్ని తాడుతో కట్టాడు. అయితేనేం, బండి కదిలింది. మేమంతా చప్పట్లు కొట్టాం. అత్త ఎక్కి కూర్చుని, ఇంజను స్టార్టు చేయించి, ఎదురుగా ఉన్న రెండు గుండ్రటి మీటర్లలో ఎడమవైపు దాన్ని కాసేపు చూసి, దిగేసింది.

"ముల్లు కదల్లేదు," అంది.

మాకు ఏ ముల్లో అర్థం కాలేదు. కుడివైపు మీటరు బండి ఎన్ని మైళ్ళ వేగంతో పోతుందో చూపించేది, అది అందరికీ తెలుసు. ఎడమవైపుది ఎందుకో షెడ్డులో ఎవరూ ఏనాడూ ఆలోచించలేదు. స్పానరప్ప మాత్రం తడుముకోకుండా చెప్పేశాడు. "అది స్టెప్నీ మీటరు కదమ్మా. సక్రానికి స్టెప్నీ ఉండాది సూడు, అట్ల మీటరుకీ ఒకటి. ఇది సెడిపోతే అది. సీమదొరలు ముందుసూపు గలోళ్ళు." నేను గంభీరంగా తల ఊపాను. మిలిటరీలో కూడా అంతే అన్నాను.

అత్త ఆయన మీసం వంక చిరాగ్గా చూసింది. "ఆ ముల్లు కదిలేదాకా నేను ఈ బండి ఎక్కేది లేదు. కుప్పంలో కమిటీ పెట్టుకోని ఉండారు. ఆ పొద్దుకి నేను ఈ కారులోనే పోవాల, నేనే తోలుకోని పోవాల." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ట్యాంకులు ఇప్పినోడివి కదరా అబ్బయ్యా. నువ్వే సెయ్."

కమిటీ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆడమనిషి, అందులోనూ వయసు మళ్ళుతున్న మనిషి, కార్లేసుకుని ఊళ్ళు తిరగడం దేనికి, ఏదో ఒక బడిలో కూర్చోబెడితే పోదా అని బళ్ళు నడిపే ఆ మిషను కమిటీలో కొందరు పెద్దలు గొణుగుతున్నారు. ఆమె టూర్లు తీసేయాలా ఉంచాలా అన్నది కుప్పంలో తేలిపోతుంది. కారు లేకుండా ఎద్దులబండిలో దిగిందంటే, "చూశారా, ఇక ఆమె వల్ల కాదు" అనడానికి వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? అంతవరకూ నాకు అర్థమైంది. కానీ బండి నడుస్తున్నప్పుడు ఒక ఉత్త ముల్లు కోసం ఈ పంతమేమిటో మాత్రం బోధపడలేదు.

సరే, ముల్లు కదలాలి, అంతే కదా అనుకున్నాను. మీటరు వెనక నుంచి తాడులాంటి ఇనప కేబులు ఒకటి పాత ఇంజనులోకి పోయేది. కొత్త ఇంజనులో దానికి చోటే లేదు. నా మిలిటరీ బుర్రకి ఒక మెరుపు మెరిసింది. వేగం మీటరుకి పోయే కేబులు గేరుబాక్సు నుంచి వస్తోంది కదా, దానికే దీన్నీ అంటగట్టేశాను. తోసి చూస్తే ముళ్ళు రెండూ కవలపిల్లల్లా కలిసి లేచాయి, కలిసి పడ్డాయి. స్పానరప్ప నా వీపు తట్టాడు. అత్త వచ్చింది, కూర్చుంది, బండిని నిలబెట్టే ఇంజను ఆడించింది, ముల్లు వంక చూసింది. ముల్లు నిద్రపోతోంది.

"యాల కదల్లేదు?"

"బండి నిలబడి ఉండాది కదత్తా. నిలబడిన బండికి ముల్లు ఎట్ల కదుల్తాది?"

అత్త నన్ను చూసిన చూపులో నా ట్యాంకులన్నీ తుప్పుపట్టిపోయాయి. "ఒరే మొద్దూ, ఇది బండి పరుగు సెప్పేది కాదురా. ఇంజను తిరుగుడు సెప్పేది. నిమిషానికి ఎన్ని సుట్లు తిరగతాండాదో సూపిస్తాది. టాకోమీటరు అంటారు. బండి అమ్మేటప్పుడు దొరసాని నాకు దగ్గరుండి నేర్పించింది."

అవతల మాకు వీపు చేసి సామాన్లు సర్దుకుంటున్న స్పానరప్ప అక్కణ్ణుంచే అన్నాడు. "ఇంజను తిరిగేది సెవికి తెలుస్తాది కదమ్మా. దానికి మళ్ళా మీటరు యాల? సుమ్మనే అలంకారం!" చాలా సబబైన మాట. అత్త పలకలేదు, అటు చూడను కూడా చూడలేదు. ఇటు తిరిగి చూసిన స్పానరప్ప మొహం చిన్నబోయింది. చదువుకున్నోళ్ళ పొగరు అని ఆయన మీసంలో గొణుక్కున్నది నాకు వినిపించింది.

"ఎక్కరా, సూపిస్తా," అంది అత్త నాతో. ఎక్కాను. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు జివ్వుమంటాయి. ఆమె మొదటి గేరులో బయల్దేరి, ఆ మొదటి గేరులోనే బజారు వీధిలోకి తిప్పింది. ఇంజను అరిచింది, కేకలు పెట్టింది, చివరికి ఏడ్చింది. అత్త మొహంలో ఆదివారం ఉదయం ఉండే ప్రశాంతత! పైగా ఏదో కీర్తన సన్నగా పాడుకుంటోంది. చెనక్కాయల బస్తాలు మోసే ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయి. కాఫీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు అరుగెక్కారు. "గేరు అత్తా, గేరు!" అని నేను అరుస్తుంటే ఆమె రోడ్డు వంకే చూస్తోంది. తర్వాత ఉన్నట్టుండి టాపు గేరుకి మార్చబోయింది. గేరుబాక్సులోంచి వచ్చిన చప్పుడు, ఇత్తడి బిందెల అంగడి మీద ఇల్లు కూలినట్టు ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మిషను మైదానంలో ఆగి ఉన్నాం.

అత్త నా మొహంలోకి తిరిగి అడిగింది. "ఇంజను అరిసిందా?"

"అరిసిందా ఏందత్తా! ఊరంతా బయటికొచ్చింది!"

"నాకు ఇనిపించలేదురా," అంది.

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. "నాలుగేండ్లయింది. సలిజొరాలకి కొయినా మాత్రలు మింగీ మింగీ సెవులు పోయినాయి. మొదట్లో గుయ్యిమనేది. తరువాత ఆ గుయ్యి కూడా పోయింది."

నాలుగేళ్ళు! మా ఇంటి ఎదురింట్లోనే ఉంటుంది. రోజూ అన్నానికి మా ఇంటికే వస్తుంది. నాయన గోడతో వాదిస్తున్నట్టు విసుక్కున్న రాత్రులన్నీ నాకు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "మరి బళ్ళల్లో పిల్లలు పాఠం ఒప్పజెప్తే?" అని అడిగాను, అంతకన్నా తెలివైన ప్రశ్న దొరక్క.

"మూతులు సూస్తాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే నాకు అంతా తెలుస్తాది. తప్పు సెప్పబోయే పిల్ల మూతి ముందే వణుకుతాదిరా. ఆ స్పానరప్ప మీసంతోనే సావు, ఒక్క మాట అర్థం కాదు." మీటరు అద్దం మీద వేలు ఆనించి, "ఆ ముల్లే నాకు సెవి," అంది. "పాత ఇంజనుకి ముల్లు యాడికొస్తే గేరు మార్చాలో నాకు తెలుసు. ఇప్పుడు కాలి కింద అదురు తప్ప ఏమీ తెలీదు, ఈ లారీ ఇంజను ఎట్లున్నా అదురుతాది. డ్రైవరుని పెట్టుకుంటే వారంలో కనిపెట్టేస్తాడు. ఇన్‌స్పెక్టరమ్మకి సెవుడంట అని తెలిస్తే టూరు తీసేస్తారు. నేను పోకపోతే గుడుపల్లెలో ఆడపిల్లల బడి మూసేస్తార్రా. ఇప్పటికే ఆ పిల్లల్ని చెనక్కాయలు వొలిసేదానికి పంపించే అయ్యలు ఉండారు. మీ నాయనకి కూడా సెప్పొద్దు."

ఇంతవరకూ కదలని ముల్లు నాకు ఒక ఆటవస్తువు. ఆ క్షణం నుంచి దాన్ని చూస్తే భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే మగ్గాల వీధికి పోయాను. అక్కడ నూలు చుట్టే కండెలు చేసే వడ్రంగి దగ్గర గట్టి చెక్క కండె ఒకటి తెచ్చి, దాని నడుమ నలుచదరంగా బెజ్జం తొలిపించి, మీటరు కేబులు కొసని అందులో దూర్చాను. ఇంజను పక్కన తిరిగే డైనమో పుల్లీ నుంచి ఈ కండెకి కుట్టుమిషను తోలు బెల్టు వేశాను. కండెని పట్టి ఉంచడానికి అత్త పాత గొడుగు కమ్ములు వంచి కట్టాను. (ఇన్ని మాటల్లో చెప్తుంటే గొప్ప పనిలాగే ఉంది. చూడ్డానికి మాత్రం ఇంజను మీద కాకి గూడు కట్టినట్టుండేది.) ఇంజను ఆడిస్తే కండె గిర్రున తిరిగింది. ముల్లు ముందుకి రాకపోగా, సున్నా దగ్గరున్న చిన్న మేకుకి వెన్ను ఆనించి, ఇంకా వెనక్కి పోవాలని చూసింది. బడికి పోనని తలుపు పట్టుకున్న పిల్లాడిలా ఉంది దాని వరస.

కేబులు ఎదురు దిక్కున తిరుగుతోందని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. దాన్ని ఎలా మళ్ళించాలో తెలియక పుంగనూరులో మా చిన్నాయన చెనక్కాయల మిల్లు గుర్తొచ్చేదాకా తిండి సహించలేదు. ఆ మిల్లులో ఒక చక్రాన్ని ఎదురు తిప్పాలంటే బెల్టుని ఎనిమిది అంకెలాగా అడ్డం మెలేసి వేసేవాళ్ళు. నేనూ మెలేశాను. స్పానరప్ప కర్పూరం వెలిగించాడు. అత్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఇంజను ఆడించాం. ముల్లు లేచింది! బండి నిలబడే ఉంది, ముల్లు మాత్రం నిక్కి నిలబడి సన్నగా వణుకుతోంది. కర్పూరానికి లేచిందో ప్రార్థనకి లేచిందో ఈనాటికీ తేలలేదు గానీ, స్పానరప్ప మాత్రం "స్టెప్నీ మీటరు పలికిందమ్మో!" అని ఎగిరి గంతేశాడు.

అయితే ముల్లు చూపించే అంకెలు ఉత్త అబద్ధాలు. కండె లావు ఎంతుండాలో లెక్క కట్టే చదువు నాకు లేదు మరి. మెల్లగా ఆడుతున్న ఇంజనుకి విమానాలకి సరిపడే అంకె చూపిస్తోంది. అత్తకి చెప్తే, "అంకెలతో నాకేం పనిరా, ఎప్పుడూ ఒకటే అబద్ధం సెప్తే సాలు," అంది. మళ్ళీ మిషను మైదానానికి పోయాం. ఆమె తోలుతుంటే నేను పక్కన కూర్చుని ఇంజను వినడం, మూలుగు మొదలుకాగానే చెయ్యి కిందికి దించడం, అరుపు మొదలుకాగానే పైకెత్తడం. ఆమె అప్పటికప్పుడు బండి ఆపి, ముల్లు ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకుని అక్కడ మీటరు అద్దం మీద తెల్లరంగు చుక్క పెట్టడం. కింద ఒక చుక్క, పైన ఒక చుక్క. రంగు ఆరేదాకా ఊదుతూ, "నీ సెవిని ఈ అద్దం మీద అతికించుకోని పోతాండానురా," అంది. మొండిమనిషి, ఏనాడూ నా తల నిమిరిన మనిషి కాదు. నేను తల వంచుకుని రంగు డబ్బా మూత బిగించాను. జీవితంలో నేను బాగుచేసిన మొదటి వస్తువు అది, మిలిటరీతో కలిపి.

కమిటీ రోజున తెల్లారి బయల్దేరాం. బెల్టు జారకుండా మేకకొవ్వు పట్టించమని స్పానరప్ప చెప్తే, ఉదారంగా పట్టించాను. పుంగనూరు దాకా ప్రయాణం వెన్నలాగా సాగింది. ముల్లు రెండు చుక్కల మధ్యే తిరుగుతోంది, అత్త గేర్లు మారుస్తుంటే ఇంజను చిన్న మూలుగైనా మూలగలేదు. పుంగనూరులో కమిటీ పెద్దాయన ఇల్లు. టూర్లు తీసేయాలని మొదట అన్నది ఆయనే. దారిలో పలకరించి పోకపోతే బాగుండదని ఆగాం. లోపల ఉప్మా, కాఫీ. బయటికొచ్చేసరికి పెద్దాయన పట్టు తలపాగా చుట్టుకుని, కోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. "నేనూ మీ బండిలోనే వస్తానమ్మా. నీ తోలుడేందో నా కండ్లతోనే సూస్తాను. పైన గుడ్డ తీసేయండప్పా, గాలి ఆడాల," అన్నాడు.

నేను తల తిప్పి బండి వైపు చూశాను. పెద్దాయన కుక్క బానెట్టు సందులోంచి తల బయటికి తీసి, తృప్తిగా మూతి నాక్కుంటోంది. దాని నోటి మూల నుంచి తోలు బెల్టు కొస వేలాడుతోంది. నేను చూస్తుండగానే దాన్ని కూడా మింగేసింది.

పెద్దాయన అప్పటికే ముందు సీటెక్కి కూర్చున్నాడు. అత్తకి ఎదురుగా నిలబడి, గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం కదిపి, "బెల్టు కుక్క తినేసింది," అన్నాను. (ఆమెతో ఉన్న గొప్ప సౌకర్యం అదే, ఎంత మందిలోనైనా రహస్యం చెప్పొచ్చు.) ఆమె ఒక్క క్షణం కుక్క వంక చూసింది, పెద్దాయన వంక చూసింది. తర్వాత నా జేబు వంక చూసింది. గొడుగు కమ్ములు కట్టగా మిగిలిన పట్టుదారం ఉండ అందులో ఉందని ఆమెకి తెలుసు. బండి చుట్టూ తిరిగి వచ్చే నెపంతో నా పక్కకొచ్చి, భుజం మీది పిన్నీసు చూపించి, మెల్లగా అంది. "ఒకసారి లాగితే అరుపు. రెండుసార్లు లాగితే మూలుగు."

ఆమె మెల్లగా అనడం నేను విన్నది జీవితంలో అదొక్కసారే.

అలా పుంగనూరు నుంచి కుప్పం దాకా ఆ కారుకి ముల్లుని నేనే. వెనక డిక్కీలో కూర్చుని, అత్త పిన్నీసుకి కట్టి సీట్ల సందులోంచి తీసిన దారం కొస వేలికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి ఇంజను వింటున్నాను. అరిస్తే ఒక లాగు, గేరు పెరిగేది. మూలిగితే రెండు, గేరు దిగేది. దుమ్మంతా నా మొహాన. పెద్దాయన మాత్రం నోరు మూయలేదు. ఆయన మోకాళ్ళ నొప్పి, అల్లుడి దుబారా, గుడి గంట ఎక్కణ్ణుంచి తెప్పించారో ఆ కథ, అన్నీ చెప్పుకుపోతున్నాడు. అత్త రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, కాస్సేపటికొకసారి "ఊఁ" అంటోంది. పలమనేరు దాటాం, వి.కోట దాటాం. ఎక్కడా ఒక్క గేరు గీరుకోలేదు. నాకు ధైర్యం వచ్చింది, కాస్త గర్వం కూడా వచ్చింది.

శాంతిపురం దాటాక పెద్దాయన గొంతు సవరించుకుని, మెత్తగా అడిగాడు. "ఇంత దూరం, ఈ దుమ్ములో, ఈ వయసులో నీకు మాత్రం కష్టంగా లేదా తల్లీ? ఈ టూర్లు నువ్వే మానుకుంటానని ఒక మాట సెప్పేస్తే మాకూ గౌరవం, నీకూ గౌరవం. మానుకుంటావా?"

"ఊఁ," అంది అత్త, నిండు మనసుతో.

"కాదు!" అని అరవబోయాను, నోట్లో దుమ్ము పడి దగ్గొచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండా దారం పట్టుకుని లాగాను, లాగాను, ఎన్నిసార్లు లాగానో నాకే తెలియదు. అంత మూలుగు ఏ ఇంజనూ మూలగదని అత్త అనుకుందేమో, టాపు గేరులో బాణంలా పోతున్న బండిని ఒక్కసారిగా కింది గేరులోకి గుద్దేసింది. బండి ఉరిమింది, గుర్రంలా ముందుకాళ్ళ మీద వంగింది. పెద్దాయన తలపాగా లేచి, గిరగిరా విప్పుకుంటూ పోయి రాగిచేలో పడింది. ఆయన రెండు చేతులూ అద్దానికి ఆనించి, బోడితలతో, తెరిచిన నోరు తెరిచినట్టే అత్త వంక చూస్తున్నాడు. బండి ఆగింది.

"వద్దంటే వద్దని నోటితో సెప్తే సాలదా అమ్మా!" అన్నాడు చివరికి. "నేను ఊరికే అడిగితి. ప్రాణం తీస్తావా?"

నేను చేలోంచి తలపాగా ఏరుకొచ్చి ఆయనకిస్తూ, ఆయన వెనక నుంచి అత్తకి పెదవులతో సంగతంతా చెప్పాను. ఆమె చెయ్యి స్టీరింగు మీద బిగుసుకోవడం చూశాను. ఇటు తిరిగి ఆయన ఎదురుగా కూర్చుని, పాత గొంతుతో, రాగిచేనంతా వినబడేటట్టు అంది. "అయ్యా, నేను పోకుంటే ఆ పిల్లకాయల బళ్ళు మూతపడతాయి. నన్ను మానుకోమని అడగొద్దండి. కావాలంటే తీసేయండి." ఆయన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. కుప్పం చేరేదాకా మాట్లాడలేదు. ఆయన నోరు మూసుకున్నాక నాకు భయం ఇంకా ఎక్కువైంది.

కమిటీ గదిలోకి నన్ను రానివ్వరు. కిటికీ బయట నిలబడ్డాను. అత్త వెనక బెంచీలో, అందరి వీపులూ కనిపించే చోట కూర్చోవాల్సొచ్చింది. అంటే ఒక్క మూతీ కనిపించదు. పెద్దాయన లేచాడు. "ఈమె టూర్లు తీసేయాలని అన్నోణ్ణి నేనే," అని మొదలుపెట్టాడు. నేను కిటికీ కమ్మీ పట్టుకున్నాను. "ఈ పొద్దు దావంతా నేను మాట్లాడితి. ఒక్క మాటకీ అడ్డం రాలా, ఒక్కసారి విసుక్కోలా. నా పెండ్లాం పిల్లలు కూడా నా మాట అంతసేపు ఇన్నోళ్ళు కాదు. ఈ గదిలో ఒకరు సెప్పేది ఒకరు ఇంటాండామా? బళ్ళు సూసేదానికి పోయే మనిషికి ముఖ్యంగా కావాల్సింది సెవి. అది ఈమెకి ఉండాది. టూర్లు ఉండనీండి." ఒక్క క్షణం ఆగి, "తోలుడు మాత్రం రవ్వంత మొరటు," అని కూర్చున్నాడు.

అత్త ఏమీ తెలియక, పాలిపోయిన మొహంతో, కిటికీలో నా వంక చూస్తోంది. నేను వేలెత్తి, మెల్లగా కిందినుంచి పైకి లేపి, రెండు చుక్కల మధ్య ముల్లులాగా నిలబెట్టాను. ఆమె కాసేపు ఆ వేలినే చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది, దుమ్ము పడినట్టు.

కుప్పం బజారులో దర్జీ దగ్గర కొత్త బెల్టు కొని, ఈసారి ఆముదం పట్టించాను. అత్త ఉద్యోగం మానుకునేదాకా ఆ ముల్లు అవే అబద్ధపు అంకెలతో నిజాయితీగా పనిచేసింది. నేనూ ఆ తర్వాత నిజంగానే పని నేర్చుకుని మేస్త్రీనయ్యాను. (ట్యాంకుల మాట మళ్ళీ ఎత్తలేదు.) అత్తా పోయింది, కారూ పోయింది, మదనపల్లెలో ఆమెని మోటారత్త అని పిలిచినవాళ్ళూ పోయారు.

ఇప్పుడు నాకూ చెవులు పోయాయి. ఇంజన్లు వినీ వినీ పోయాయని డాక్టరు అన్నాడట. ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియనివ్వలేదు, మూతులు చూసి నెట్టుకొస్తున్నాను. మా బంధువుల్లో నా అంత ఓపిగ్గా వినే మనిషి లేడని మంచి పేరు కూడా వచ్చింది. మొన్న మనవడు కొత్త కారు కొని నన్ను ఎక్కించుకుని కుప్పం రోడ్డున తిప్పాడు. దాంట్లోనూ ఎడమవైపు ఆ ముల్లు ఉంది. ఎవరూ చూడకపోయినా పాపం లేస్తోంది, పడుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. మనవడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఏదో చెప్పుకుపోతున్నాడు, నేను కాస్సేపటికొకసారి "ఊఁ" అంటున్నాను. ఇంటికొచ్చాక వాడు సంబరంగా అందరికీ చెప్పడం చూస్తే నాకు సంగతి తెలిసింది. తాతని చెవి మిషను పెట్టించుకుంటావా అని అడిగితే వెంటనే ఒప్పుకున్నాడట, రేపే బెంగుళూరు ప్రయాణమట! నేను ఉలిక్కిపడి, చెయ్యి ఎడమ భుజం మీదికి పోనిచ్చాను. అక్కడ పిన్నీసూ లేదు, దారమూ లేదు. వెనక కూర్చుని లాగేవాడెవడూ లేడు. నాలో నేనే నవ్వుకుని, చొక్కా ఇస్త్రీ చేసి ఉంచమని మా ఇంట్లోవాళ్ళకి చెప్పాను. చాలా గట్టిగా చెప్పానట.